నోలా పెథరిక్, సూపు గుండిగ మూత

నారింగా కొండల్లో నోలా పెథరిక్ ఓర్వలేనితనం గురించి తెలియనివాళ్ళు లేరు. నోలాకి కూడా తెలుసు. "నాకు కడుపుమంట కొంచెం ఎక్కువే, ఏం చేయమంటావ్, మా అమ్మ పోలిక," అనేది, ఎవరో తన జుట్టు మెచ్చుకున్నంత తేలిగ్గా. స్కోన్ రొట్టెల పోటీలో ఎదురింటావిడకి బహుమతి వచ్చిన ఏడు, ఆ ఇంటి ముందు గుంటలో నీళ్ళున్నప్పుడల్లా బడి బస్సు కొంచెం వేగంగా తోలింది. ఆవిడ ఆరేసిన దుప్పట్ల సంగతి నేను చెప్పను. ఇరవై నాలుగేళ్ళు ఆ వంకర రోడ్ల మీద బస్సు తోలి ఒక్క పిల్లకి గీత పడనివ్వని మనిషి, ఆ పేరు మీద ఊరు ఇలాంటివన్నీ సర్దుకుపోయింది.

అయితే ఈ నోలా ఒకసారి రంపం మీద అసూయపడింది. మనిషి మీద కాదు, రంపం మీద. అది చెబితే గానీ తక్కిన కథ తలకెక్కదు.

నారింగాలో కలప మిల్లు మూతపడిన ఏడాది ఊరంతా చావింటిలా ఉండేది. నోలా తండ్రి అందులోనే ముసలివాడయ్యాడు, మొగుడు క్లారీ అందులోనే పని చేసేవాడు. అక్కడ జూన్ అంటే చలికాలం. ఆ చలిలో ఒక రోజు నోలా, క్లారీ, ఇంకో ముగ్గురూ ఒక గుండిగెడు గుమ్మడికాయ సూపు మోసుకుని ఫెర్న్ చెట్ల లోయలోకి పోయి కూర్చున్నారు. ఎవరో అకార్డియన్ వాయించారు, నోలా తన పిన్ని నేర్పిన కొయ్య ఫ్లూటు వాయించింది, ఒకడు దుప్పటి మీద బొగ్గుతో చెట్లు గీసి రెండు మాన్ల మధ్య కట్టాడు. అదే మొదటి పండగ. ఇప్పుడది ముప్ఫై ఒకటోది. రెండు వేల మంది వస్తారు. మాను మానుకీ బొమ్మలు, ఫెర్న్ల కింద మట్టి పిట్టలు, వానలో తడుస్తూ పాడే బృందాలు, మోకాలి లోతు బురద, బూట్లలో జలగలు. సూపు మాత్రం ఇప్పటికీ క్లారీదే, గుండిగా అదే.

ఆ మొదటి ఏడే నోలా రెండు నియమాలు పెట్టింది. ఒకటి, పండగ తొలి పొద్దున ఎవరూ ఒక్క తీగ మీటకముందే అందరూ నోరు మూసుకుని లోయలోకి నడవాలి, లైర్ పిట్ట ఏం పాడుతుందో వినాలి. చలికాలంలో మగ పిట్ట ఆకులు గీరి మట్టి దిబ్బ చేసుకుంటుంది, దాని మీదెక్కి వీణలాంటి తోక తల మీదికి విప్పి, విన్నవన్నీ పాడుతుంది. కాకటూ చిలక అరుపు, కొరడా పిట్ట చెళ్ళుమనడం, కెమెరా క్లిక్కు, ఏదైనా సరే. తిరిగి మైదానానికి వచ్చేదాకా ఎవరూ పెదవి విప్పకూడదు. రెండోది, ఆ పిట్ట మనలో ఎవరి చప్పుడు పాడితే వాళ్ళే ఆ ఏడు పండగ మొదలుపెట్టాలి. ఎవరిదీ పాడకపోతే పెద్దరికం కొద్దీ నోలా మొదలుపెడుతుంది.

ఈ రెండో నియమం ఎందుకు పెట్టిందో క్లారీ ఒక్కడికే తెలుసు. పెరటి మెట్ల మీద కూర్చుని ప్రతి చలికాలం, ప్రతి పొద్దున, నోలా పిన్ని నేర్పిన ఐదు స్వరాల ముక్క అడవి వైపు ఊదేది. పిట్ట ఒక్కసారి దాన్ని పట్టుకుంటే చాలు. తను పోయాక కూడా ఆ పిట్ట పిల్లలు, వాటి పిల్లలు ఆ లోయలో తన పాట పాడుకుంటాయి. అంతకన్నా ఏం కావాలి మనిషికి?

పిట్ట పట్టలేదు. పన్నెండో ఏట, ఊళ్ళో చెట్లు కోసే మెర్వ్ మోటారు రంపాన్ని పట్టుకుంది. లోయ అంచున విరిగిపడిన మానొకటి మెర్వ్ వారం రోజులు కోశాడు. అంతే, వారం! పండగ పొద్దున వంద మంది మౌనంగా నిలబడి ఉంటే పిట్ట తోక విప్పి ర్ర్ర్ర్ మని రంపం వాయించింది. నియమం నియమమే కదా, మెర్వ్ మైదానం మధ్యలో రంపం స్టార్ట్ చేసి పండగ మొదలుపెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. నోలా నాలుగు నెలలు మెర్వ్‌తో మాట్లాడలేదు.

"పన్నెండేళ్ళు ఊదాను! వాడు వారం కోశాడు!" అని ఇంట్లో గిన్నెలు ఎత్తి పడేసింది.

"రంపానికి ఊపిరితిత్తులు పెద్దవే," అన్నాడు క్లారీ. ఆ పూట ఆయనకి అన్నం లేదు.

అలాంటి మనిషి ఇంటికి ఎదురు వాలు మీదికి టామ్సిన్ వచ్చి దిగింది, మూడేళ్ళ కిందట. మెల్‌బోర్న్ పిల్ల, ముప్ఫై కూడా ఉండవు, ఊరి నర్సరీలో మొక్కల పని. చేతిలో ఫిడేలు. వచ్చిన నెలకే పోస్టాఫీసులో టామ్సిన్, చర్చి హాల్లో టామ్సిన్, ఎక్కడ చూసినా టామ్సిన్. "ఎంత బాగా వాయిస్తుందో, పైగా ఎంత మంచి పిల్లో," అంటారు. నోలాకి వాయించడం కన్నా ఆ మంచితనమే ఎక్కువ మండింది. చెడ్డదైతే తిట్టుకోవచ్చు. ఈ పిల్ల ప్రతి ఆదివారం నిమ్మకాయ కేకు స్లైసులు చేసుకుని వచ్చి, "నోలా గారూ, రుచి చూసి చెప్పండి," అంటుంది. అవి బాగుంటాయి కూడా. అదీ బాధ.

ఈ ఏడు ఏప్రిల్ నెలాఖర్న, పోస్టాఫీసు అరుగు మీద మెర్వ్ ఆ మాట అన్నాడు.

"నోలా, విన్నావా? పిట్ట టామ్సిన్ ఫిడేలు పట్టేసింది. మూడు స్వరాలు, అచ్చు గుద్దినట్టు!"

"పోవోయ్, కొరడా పిట్ట అరుపు విని ఉంటావు."

"నా చెవులకేం తల్లీ? నా రంపం సంగతి నేనే ముందు కనిపెట్టాను కదా."

నోలా తెల్లారేసరికి లోయలోకి దిగింది. మోకాలు నొప్పి, అరవై ఆరేళ్ళు, అయినా దిగింది. పిట్ట దిబ్బ సరిగ్గా టామ్సిన్ వంటింటి కిటికీ కింద, ముప్ఫై అడుగుల్లో ఉంది. పిట్ట తోక విప్పింది. కాకటూ, కొరడా పిట్ట, ఆ తర్వాత ఫిడేలు మీద మూడు స్వరాలు, చివరిది కొంచెం వణుకుతూ, టామ్సిన్ వణికించినట్టే. నోలా ఫెర్న్ మొదలు పట్టుకుని నిలబడిపోయింది. ఏడవలేదు. ఫెర్న్ మొదలు వదిలి ఇంటిదారి పట్టింది.

"ఈ ఏడాదే నా ఆఖరు నడక క్లారీ," అంది ఇంటికొచ్చి. "వచ్చే ఏడు ఈ మోకాలు ఆ కొండ ఎక్కదు. ఈ ఒక్కసారి నేను నా ఫ్లూటుతో మొదలుపెట్టి మానేద్దామనుకున్నాను."

"ఆ పిల్ల మొదలుపెడితే ఏం పోయింది?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళు పోయాయి!"

క్లారీ పెరట్లోకి తప్పుకున్నాడు. అన్నం విషయం గుర్తుంది కాబోలు.

పిట్టని బెదరగొడితే దిబ్బ మారుస్తుంది. ఈ సంగతి కొండ మీద అందరికీ తెలుసు. టామ్సిన్ కిటికీ కింద నుంచి తరిమేస్తే లోయ పైకి పోతుంది, ఫిడేలు వినపడదు, విన్న మూడు ముక్కలూ మరిచిపోతుంది. అప్పుడిక ఎవరి చప్పుడూ ఉండదు, పెద్దరికం కొద్దీ నోలా. ఈ లెక్క చూసుకుని ఆవిడ క్లారీ సూపు గుండిగ మీది స్టీలు మూత, ఇనుప గరిటె తీసుకుంది. మర్నాడు పొద్దున కుక్క డస్టీని వెంటేసుకుని ఎదుటి వాలు మీద ఫెర్న్ల చాటున నక్కింది. టామ్సిన్ పనికి పోయే ముందు అరగంట సాధన చేస్తుంది. ఫిడేలు మూడు స్వరాలు పలకగానే నోలా మూత మీద డంగ్, డంగ్, డంగ్ అని మూడు మోదింది. పిట్ట తోక ముడిచి పొదల్లోకి దూకింది. చలిగాలికి నోలాకి దగ్గు తెర వచ్చింది. చిన్నప్పటి మిల్లు పొట్టు దగ్గు అది, ఊరందరికీ పరిచయమే. రెండు పొడి దగ్గులు, ఒక ఊపిరి, మూడోది పాత బస్సు గేరు పడ్డట్టు. తర్వాత ఈల వేసి డస్టీని ఇంటికి పొమ్మంది. ఆ ఈల వింటే ఆ కుక్క ఎక్కడున్నా ఇంటిదారి పడుతుంది.

ఇలా ఆరు వారాలు. వానలోనూ ఆగలేదు. ఫిడేలు మూడు స్వరాలు, మూత మీద మూడు దెబ్బలు, దగ్గు, ఈల.

కొండ మీద పుట్టి కొండ మీద పెరిగిన మనిషి! లైర్ పిట్ట చెవి ఎలాంటిదో తన బస్సెక్కిన ఐదేళ్ళ పిల్లనడిగినా చెప్పేది. వారం రంపానికి ఏమైందో పంతొమ్మిదేళ్ళుగా తిట్టుకుంటున్నది తనే. అయినా తట్టలేదంటే తట్టలేదు. కడుపు మండేవాళ్ళకి తమ చప్పుడు తమకి వినపడదు.

ఇంట్లో మూత గొడవ మొదలైంది.

"నా గుండిగ మూత ఏదే?" అన్నాడు క్లారీ, షెడ్డంతా తిరగేసి.

"నాకేం తెలుసు?"

"ముప్ఫై ఏళ్ళుగా అదే కొక్కేనికి ఉంది. కాళ్ళొచ్చాయా దానికి?"

"పండగ టైముకి కనపడుతుందిలే, గోల చేయకు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నోలా ఆ వారమంతా మొగుడికి అడక్కుండానే టీ పెట్టి ఇచ్చింది. క్లారీ అనుమానంగా చూసి తాగాడు.

ఒక ఆదివారం టామ్సిన్ స్లైసులు పట్టుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నోలా గారూ, ఒక వింత చెప్పనా? పొద్దున్నే నేను వాయిస్తుంటే ఎదుటి వాలు మీద ఎవరో తాళం వేస్తున్నారు! నేను మూడు స్వరాలు వాయించగానే మూడు దెబ్బలు. సరిగ్గా లయలో. ఎవరై ఉంటారంటారు?"

నోలాకి స్లైసు గొంతులో అడ్డుపడింది. "ఆవుల్ని పిలుచుకునేవాళ్ళు అయ్యుంటారు," అంది నీళ్ళు తాగి.

"ఎవరైనా కానివ్వండి, నాకు భలే తోడుగా ఉంది. ఈ కొండల్లో పొద్దున్నే లేస్తే ఒక్కోసారి బెంగగా ఉండేది. ఇప్పుడు ఆ దెబ్బలకి చోటు వదిలి పాట మార్చుకున్నాను."

ఆ రాత్రి నోలాకి తిండి సయించలేదు. సిగ్గుపడి మానేసిందనుకుంటున్నారా? లేదు. తను చెడగొడదామన్నది కూడా ఆ పిల్లకే కలిసొచ్చిందని ఇంకా మండింది. మర్నాడు మూత మీద సొట్ట పడేలా కొట్టింది.

జూన్ రెండో వారానికి పిట్ట కనపడకుండా పోయింది. టామ్సిన్ కిటికీ కింద దిబ్బ మీద ఆకులు రాలి కప్పేశాయి. "పోయింది పీడ!" అనుకుని నోలా మూత కడిగి గుండిగ మీద పెట్టేసింది.

"దొరికిందే! నా మూత దొరికింది," అన్నాడు క్లారీ. తర్వాత వెలుతురులో తిప్పి చూశాడు. "అంచంతా ఇలా సొట్టలు పోయిందేం?"

"ఎలుకలు."

"ఎలుకలు స్టీలు కొరుకుతాయా?"

"మన షెడ్డులో ఎలుకల సంగతి నీకేం తెలుసు," అని నోలా ఫ్లూటుకి నూనె రాస్తూ కూర్చుంది. ఆ సాయంత్రం ఐదు స్వరాల ముక్క నలభై సార్లు ఊది ఉంటుంది.

పండగ ముందురోజు మెర్వ్ దారి చూడటానికి వెళ్ళొచ్చాడు. దారి చూసేవాడు దిబ్బ మీద కొత్త గీరుళ్ళు ఉన్నాయో లేదో చూసి వెనక్కి వచ్చేయాలి, పాట వినకూడదు. అదీ నోలా పెట్టిన ఆచారమే. "లోయ పై కొసకి పోయింది మహరాజు. దూరం చాలా ఉంది, నీ మోకాలు జాగ్రత్త," అన్నాడు.

"నా మోకాలు సంగతి నువ్వు చూడక్కర్లేదు," అంది నోలా. చాలా రోజుల తర్వాత మెర్వ్ మీద ప్రేమ కూడా వచ్చింది ఆవిడకి.

తెల్లారింది. పొగమంచు ఫెర్న్ల మీద కూర్చుని ఉంది. ఉన్ని టోపీలు, రబ్బరు బూట్లు, లోయ కొస దాకా నడవగలిగిన రెండు వందల మంది, ఒక్క గుసగుస లేదు. ముందు నోలా, సంచిలో ఫ్లూటు. వెనకే టామ్సిన్, చేతులూపుకుంటూ, ఎందుకంటే నడకలో వాయిద్యాలు తేకూడదు. నోలా సంచి సంగతి ఎవరూ అడగరు. ఇంకా వెనక క్లారీ, పక్కన డస్టీ.

కొస దిబ్బ దగ్గర అందరూ నిలబడ్డారు. పిట్ట వచ్చింది. తోక తల మీదికి విప్పింది. కాకటూలా అరిచింది. కొరడా పిట్టలా చెళ్ళుమనిపించింది. కూకబుర్రా పిట్టలా నవ్వింది. నోలా మనసులో లెక్కపెట్టుకుంటోంది. అయిపోతోంది, ఇంకేం లేదు, ఇక నాదే.

అప్పుడు పిట్ట ఫిడేలు మూడు స్వరాలు పాడింది.

నోలా సంచి పట్టీ గట్టిగా పట్టుకుంది. మరిచిపోలేదు, ముండాపిట్ట, మరిచిపోలేదు! టామ్సిన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. జనం ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని టామ్సిన్ వైపు చూసి చప్పుడు లేకుండా నవ్వుతున్నారు. ఇంతలో పిట్ట మెడ ఎత్తి, డంగ్, డంగ్, డంగ్ అంది.

గరిటె స్టీలు మీద పడిన మోత, ఒక్క పిసరు తేడా లేదు. తర్వాత దగ్గింది. రెండు పొడి దగ్గులు, ఒక ఊపిరి, మూడోది పాత బస్సు గేరు పడ్డట్టు. నారింగాలో ఆ బస్సెక్కి బడికి పోయినవాళ్ళు ఆ గుంపులో యాభై మందైనా ఉంటారు. యాభై తలలూ ఒకేసారి నోలా వైపు తిరిగాయి. ఎవరికైనా అనుమానం మిగిలుంటే, పిట్ట ఈల వేసింది. డస్టీ చెవులు రిక్కించి, లేచి, బుద్ధిగా రెండు వందల మంది కాళ్ళ మధ్య నుంచి ఇంటిదారి పట్టింది.

పిట్ట మళ్ళీ మొదటి నుంచి పాడింది. ఫిడేలు, దెబ్బలు, దగ్గు, ఈల. నాలుగు సార్లు, ఎవరికైనా సరిగ్గా వినపడలేదేమో అన్నట్టు.

ఎవరూ మాట్లాడకూడదు, నవ్వకూడదు. మెర్వ్ టోపీ నోట్లో కుక్కుకున్నాడు. క్లారీ నవ్వలేదు. పెళ్ళాం వైపు చూసి, చప్పుడు కాకుండా పెదవులతో "ఎలుకలా?" అన్నాడు.

తిరుగు నడక ముక్కాల్గంట. అంతసేపు మాట లేకుండా రెండు వందల మందికి సంగతంతా తెలిసి తన వీపు చూస్తూ నడుస్తుంటే ఎలా ఉంటుందో నోలా అంతకు ముందు ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవరైనా తిడితే తిరిగి తిట్టేది. ఈ మౌనం తను పెట్టిందే, ఎవర్ని అంటుంది? చీలిక దగ్గర ఇంటిదారి కుడి చేతికి ఉంది, డస్టీ అడుగుల గుర్తులు తడి మట్టిలో కనపడుతున్నాయి. నోలా ఆగింది. వెనక టామ్సిన్ కూడా ఆగింది, తోయలేదు, దాటి పోలేదు. ఇప్పుడు ఇంటికి పోతే తన నియమం తనే తప్పినట్టు. నోలా ఎడమ దారి పట్టింది.

మైదానంలో క్లారీ గుండిగ సన్న మంట మీద ఆవిరి కక్కుతోంది. చుట్టూ రెండు వేల మంది. నడకకి పోయినవాళ్ళు చెప్పబోతుంటే మెర్వ్ చేతులెత్తి ఆపాడు.

"పిట్ట ఇద్దర్ని పాడింది," అన్నాడు. "ఒకటి టామ్సిన్ ఫిడేలు. రెండోది..." టోపీ మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

టామ్సిన్ ముందుకొచ్చింది. "నోలా గారూ," అంది, అందరికీ వినపడేలా, "అయితే పొద్దున్నే నాకు తాళం వేసింది మీరా?"

ఆ పిల్ల కళ్ళలోకి చూస్తే నోలాకి అర్థమైంది. తెలుసు. అంతా తెలిసే, తప్పుకోవడానికి దారి చూపిస్తోంది. ఔనమ్మా అంటే చాలు, ఊరు నవ్వేసి ఊరుకుంటుంది. అంత మంచితనం! నోలా ఒళ్ళు మళ్ళీ భగ్గుమంది.

"తాళం కాదు," అంది. "నిన్ను చూసి ఓర్వలేక. నీ దగ్గర్నుంచి పిట్టని తరిమేద్దామని."

ఎవరూ నవ్వలేదు. టామ్సిన్ ముఖంలో రంగు తగ్గింది. ఊహించడం వేరు, వినడం వేరు.

"ఆరు వారాలా?"

"ఆరు వారాలు."

"వానలో కూడానా?"

"వానలో కూడా."

"నాకెవరో తోడున్నారని మా అమ్మకి ఉత్తరం కూడా రాశాను," అంది టామ్సిన్. గొంతు వణికింది, పిట్ట పాడిన ఆ మూడో స్వరం లాగే. నోలాకి తలెత్తబుద్ధి కాలేదు. మూడేళ్ళలో మొదటిసారి, ఆ పిల్ల మీద మంట తగ్గి తన మీదికి తిరిగింది.

"తప్పు చేశానమ్మా," అంది.

టామ్సిన్ వెనక్కి తిరిగింది. గుడారంలోకి వెళ్ళి ఫిడేలు తెచ్చుకుని, భుజానికి ఆనించింది. "నియమం మీదే కదా," అంది, ముఖం ఇంకా గట్టిగానే ఉంచి. "నా పాటలో ఆ దెబ్బలకి చోటుంది. అవి లేకపోతే ఇప్పుడు నాకు వాయించడం రాదు."

నోలా గుండిగ దగ్గరికి నడిచింది. క్లారీ గరిటె చేతికిచ్చాడు. మూత ఎత్తింది, ఆవిరి ముఖాన కొట్టింది. ఫిడేలు మూడు స్వరాలు పలికి ఆగింది. నోలా డంగ్, డంగ్, డంగ్ అని మోదింది. పొగ గొంతుకి తగిలి దగ్గు దానంతటదే వచ్చింది, రెండు పొడి దగ్గులు, ఒక ఊపిరి, ఆ మూడోది. రెండు వేల మంది గొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లలో ఎన్ని టామ్సిన్‌వో, ఎన్ని తనవో అని నోలా చెవి రిక్కించింది. బుద్ధి అంత తొందరగా ఎక్కడికి పోతుంది? తర్వాత ఇంకోటి తట్టింది. తను పోయాక కూడా ఆ పిట్ట పిల్లలు, వాటి పిల్లలు ఆ లోయలో ఇదే పాడతాయి. మూత, దగ్గు, కుక్కని పొమ్మనే ఈల.

"మూత ఇటియ్యి, సూపు చల్లారిపోతోంది," అన్నాడు క్లారీ.

నోలా ఇచ్చేసింది. ఫ్లూటు సంచిలోనే ఉండిపోయింది.